అంకెలకు దారి చూపిన ఆల్మన్ స్ట్రోజర్

టెలిఫోనును కనిపెట్టినది ఎవరని అడిగినచో మన పిల్లలు సయితము గ్రాహంబెల్ పేరు చెప్పుదురు. కాని ఒక యింట బయలుదేరిన మాట, వేలకొలది యిండ్లలో కోరిన ఆ యొక్క యింటికే యెట్లు చేరుచున్నదని అడిగినచో పెద్దలును తడుముకొందురు. ఆ దారి చూపు పనిని మనుష్యుల చేతినుండి తీసి యంత్రమునకు అప్పగించినవారిలో ముఖ్యుడు ఇంజనీరు కాడు. మృతుల అంత్యక్రియలకు ఏర్పాట్లు చేసి జీవనము గడుపుకొనిన ఒక వర్తకుడు. ఆతని పేరు ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్. మన సభ్యులలో పూర్వపు తంతి తపాలా శాఖలో పనిచేసినవారి కుటుంబములు కలవు. వారి యిండ్లలో ఈ పేరు యంత్రము పేరుగా వినబడినదే గాని మనిషి పేరుగా వినబడియుండదు. ఆ మనిషిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని ఈ ప్రయత్నము.

స్ట్రోజర్ 1839వ సంవత్సరమున అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి రాచెస్టరు పట్టణమునకు సమీపమున గల పెన్‌ఫీల్డు అను గ్రామమున జన్మించెను. ఆతని తాత ఆ ప్రదేశమున మొట్టమొదట కాపురమేర్పరచుకొనినవారిలో ఒకడు, అక్కడ తొలి పిండిమరను నడపినవాడు. ఆల్మన్ బాల్యమును గూర్చి తెలిసినది స్వల్పము. తల్లి ఏదైనను పని చెప్పినచో, అన్నదమ్ములు ఆ పనికి పూనుకొనుటకు మారుగా, దానిని చేయగల యంత్రమొకటి యెట్లు తయారుచేయవచ్చునా అని తర్కించుచు కూర్చుండెడివారట. అట్టి బిడ్డలను మన యిండ్లలో పనిదొంగలందుము. ఆ తల్లియు అట్లే అనియుండవచ్చును.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. స్ట్రోజర్ ఉత్తర రాష్ట్రముల పక్షమున న్యూయార్కు ఎనిమిదవ అశ్వికదళమున చేరి పనిచేసెను. లెఫ్టినెంటు పదవిని పొందెను. యుద్ధానంతరము కొంతకాలము పల్లెటూరి బడిపంతులుగా నుండెను. పిమ్మట పడమటికి తరలి కాన్సాస్ రాష్ట్రమున ఎల్డొరాడో, టొపీకా పట్టణములలోను, తుదకు మిస్సోరి రాష్ట్రమునందలి కాన్సాస్ సిటీ నగరములోను శవసంస్కారముల ఏర్పాట్లు చేయు దుకాణము నడపెను. అట్టి వర్తకుని ఆ దేశమున అండర్‌టేకరు అందురు.

ఈ వృత్తిని గూర్చి మన పాఠకులకు ఒకమాట చెప్పవలసియున్నది. మనలో ఒక యింట మరణము సంభవించినచో బంధువులు, ఇరుగుపొరుగువారు చేరి పాడె కట్టి, భుజములు మార్చుకొనుచు మోసికొనిపోవుదురు. ఆ దేశమున ఇదియంతయు ఒక వ్యాపారము. శవపేటిక, దానిని మోయు బండి, శ్మశానమున స్థలము, సమస్తమును ఒక్క వర్తకుడే సమకూర్చును. దుఃఖమున నున్న కుటుంబము నలుగురి వద్దకు పోయి బేరమాడదు. ఎవనికి మొదట కబురందునో వానిదే పని. కావున ఆ వృత్తిలో కబురే అసలు పెట్టుబడి. 1880 ప్రాంతముల తరువాత నగరములలో ఆ కబురు టెలిఫోను మీద రాసాగెను.

టెలిఫోను మీద కబురు వచ్చుట అనగా అప్పటి కాలమున ఏమి? ఊరిలో నూరు టెలిఫోనులున్నవనుకొందము. ప్రతి యింటినుండి ప్రతి యింటికి వేరు తీగ వేయవలెనన్నచో 4,950 తీగలు కావలెను. చందాదారులు పదివేలైనచో దాదాపు ఐదుకోట్ల తీగలు కావలెను. ఇది జరుగు పని కాదు. అందుచేత ప్రతి యింటి తీగను ఒక మధ్యస్థానమునకు చేర్చి, అక్కడ అవసరమైనప్పుడు రెండు తీగలను కలుపు పద్ధతి యేర్పడెను. దానికే ఎక్స్ఛేంజి అని పేరు. వ్యాపారరీతిని నడచిన తొలి ఎక్స్ఛేంజి అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున 1878 జనవరిలో తెరువబడెను. కలుపు పనికి మొదట కుర్రవాండ్రను నియమించిరి. వారి అల్లరికి, మోటుమాటలకు చందాదారులు విసిగిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే బోస్టన్ నగరమున ఎమ్మా నట్ అను యువతి తొలి మహిళా ఆపరేటరుగా చేరెను. అటుపిమ్మట ఆ బల్లల ముందు కూర్చున్నవారందరును స్త్రీలే అని చెప్పవచ్చును.

తొలుత చందాదారులకు సంఖ్యలు లేవు. రిసీవరు తీసి ఫలానా వారిని పిలువుమని పేరు చెప్పిన చాలును. పేర్లన్నియు ఆపరేటరుకు కంఠస్థము. 1879లో లోవెల్ అను పట్టణమున తట్టు వ్యాపించగా, నలుగురు ఆపరేటర్లును ఒక్కసారిగా మంచమెక్కినచో క్రొత్తవారికి ఈ పేర్లు తెలియుటెట్లని పార్కర్ అను వైద్యుడు ఆందోళన చెంది, చందాదారులకు అంకెలు ఇవ్వుడని సలహా యిచ్చెను. యంత్రమునకు పేర్లు తెలియవు. అంకెలు మాత్రమే తెలియును. ఆ వైద్యుడు తలపెట్టినది రోగమునకు జాగ్రత్తయే యైనను, స్ట్రోజర్ యంత్రము నడువవలసిన బాట అక్కడనే పడెను.

ఇక స్ట్రోజర్ కథలో అందరును చెప్పుకొను ఘట్టము. ఆతని దుకాణమునకు రావలసిన పిలుపులు రాకుండుటను ఆతడు గమనించెను. ఊరిలో ఆతనికి పోటీగా మరియొక అండర్‌టేకరు కలడు. ఆతని భార్య టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరని, స్ట్రోజరును అడిగినవారిని ఆమె తన భర్తకు కలుపుచుండెనని కథ. కొందరు భార్య అనక మరియొక చుట్టము అందురు. తనకు సన్నిహితుడైన ఒక మిత్రుడు మరణింపగా ఆ యింటివారి పిలుపు సయితము పోటీదారునికే పోయెనని, దానితో ఆతని సహనము నశించెనని మరియొక ముచ్చట.

ఈ కథను నేను పూర్తిగా నమ్మజాలను. దీనికి ఎదురుగా మరియొక కథనమును కలదు. స్ట్రోజర్ ఫిర్యాదులు భరింపలేక కంపెనీవారు వచ్చి చూడగా, దుకాణపు గోడకు వ్రేలాడుచున్న లోహపు పేరుపలక గాలికి ఊగి తీగలకు తగులుచు లైనును చెడగొట్టుచుండెనని తేలెనట. ఏది నిజమో నిర్ణయించు ఆధారము లేదు. కాని నూరేండ్లకు పైగా లోకమున నిలిచినది మొదటి కథయే. అందులోని స్త్రీకి పేరు లేదు. ఆమె పక్షమున పలికినవారును లేరు. చెవికి రిసీవరు బిగించుకొని పగలనక రాత్రియనక బల్లముందు పనిచేసిన వేలాది స్త్రీలపై ఆ యొక్క కథ నీడ పడినది. మనలో పెద్దవారు ట్రంకు కాలు బుక్ చేసి గంటలకొలది కాచుకొనిన దినములు ఎరుగుదురు. అర్ధరాత్రి స్వగ్రామమునుండి చావుకబురో పుట్టుకకబురో అందించిన కంఠము ఒక ఆపరేటరుదే. ఆ కంఠమును తలచుకొనినప్పుడు స్ట్రోజర్ అనుమానము నాకంతగా రుచింపదు.

అనుమానము సత్యమో అసత్యమో గాని, దానినుండి పుట్టినది మాత్రము గొప్ప ఆలోచన. పిలుచువాడే తన పిలుపును నడిపించుకొనగలిగినచో మధ్యవారి ప్రసక్తియే యుండదని స్ట్రోజర్ తలచెను. ఈ తలంపు ఆతనికే మొదట కలుగలేదు. 1879లోనే కానలీ సోదరులు, మెక్‌టీగ్ అనువారు స్వయముగా కలుపు ఎక్స్ఛేంజికి పేటెంటు పొందియుండిరి. కాని అది ఆచరణలో నిలువలేదు. స్ట్రోజర్ తన ఆలోచనను కంఠపట్టీలు దాచుకొను గుండ్రని అట్టపెట్టెపై పరీక్షించెనని చెప్పుదురు. పెట్టెకు వరుసకు పది చొప్పున పది వరుసలుగా గుండుసూదులు గ్రుచ్చెను. నూరు సూదులు నూరుగురు చందాదారులు. నడుమ నొక కడ్డీ, దానికొక చేయి. కడ్డీ పైకి లేచినచో వరుస దొరకును. ప్రక్కకు తిరిగినచో సూది దొరకును. ఎన్ని మెట్లు లేవవలెనో, ఎన్ని మెట్లు తిరుగవలెనో విద్యుత్తు దెబ్బలు నిర్ణయించును. 1889 మార్చి 12వ తేదీన ఆతడు పేటెంటుకు దరఖాస్తు పెట్టుకొనగా, 1891 మార్చి 10వ తేదీన 4,47,918 సంఖ్య గల పేటెంటు లభించెను.

ఆలోచన స్ట్రోజరుది. దానిని వ్యాపారముగా మార్చినవారు ఇతరులు. సోదరుని కుమారుడైన వాల్టర్ స్ట్రోజర్ తోడ్పడెను. చికాగోకు చెందిన జోసెఫ్ హారిస్ అను వ్యాపారప్రతినిధి ఈ యంత్రమున భవిష్యత్తు గలదని గ్రహించి ముందునకు వచ్చెను. 1891 అక్టోబరులో చికాగోలో స్ట్రోజర్ పేరిట కంపెనీ యొకటి యేర్పడెను. 1892 నవంబరు 3వ తేదీన ఇండియానా రాష్ట్రమునందలి లాపోర్టు అను చిన్న పట్టణమున లోకములో తొలి వ్యాపార స్వయంచాలక ఎక్స్ఛేంజి ప్రారంభమయ్యెను. చికాగోనుండి అతిథులు ప్రత్యేకమైన రైలులో వచ్చిరి. చందాదారులు సుమారు 75 మంది. యంత్రము శక్తి 99 లైనులు. ఈ క్రొత్త టెలిఫోనుకు ఆపరేటరు పిల్లలతోను పని లేదని, కోపతాపములును కాచుకొనుటయు చెడిపోవుటయు ఉండవని కంపెనీవారు చాటుకొనిరి. మొదటి మాట నిజమే. చెడిపోవుటను గూర్చి మాత్రము స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మన మెకానిక్కులను అడిగినచో చిరునవ్వుతో సమాధానము చెప్పుదురు.

లాపోర్టు టెలిఫోనుకు నేడు మనము తలచుకొను త్రిప్పుడు బిళ్ల లేదు, మీటలుండెను. 57 కావలసినచో పదుల మీటను ఐదుసార్లు, ఒకట్ల మీటను ఏడుసార్లు నొక్కవలెను. లెక్క తప్పినచో వేరొక యింటి గంట మ్రోగును. ప్రతి యింటికిని మాటాడు తీగలు గాక మరికొన్ని తీగలు వేయవలసివచ్చెను. ఈ లోపములను తీర్చిన ఘనత స్ట్రోజరుతో కలిసిన అలెగ్జాండర్ కీత్ అను ఇంజనీరుకును, జాన్, చార్లెస్ ఎరిక్‌సన్ అను సోదరులకును చెందును. వ్రేలు పెట్టి త్రిప్పు డయలును వారు 1896లో రూపొందించిరి. పైకి లేచి ప్రక్కకు తిరుగు స్విచ్చి సయితము వారి చేతులలోనే దృఢమైన రూపు దాల్చెను. యంత్రమునకు స్ట్రోజర్ పేరు నిలిచినది గాని, ఈ ముగ్గురిని స్మరింపకుండుట న్యాయము కాదు.

వారు చేసిన మార్పులలో డయలుకంటెను గొప్పది మరియొకటి కలదు. నూరుగురు చందాదారులకు ఒక్క స్విచ్చి చాలును. పదివేలమందికి పదివేల మొనలు గల స్విచ్చి తయారగునా? కాదు. కావున దారిని మెట్లుగా విభజించిరి. చందాదారుడు 2745 అను సంఖ్యను త్రిప్పుచున్నాడనుకొందము. రిసీవరు తీసిన క్షణముననే యంత్రము ఆతనికొక ఖాళీ సెలెక్టరును సమకూర్చి, త్రిప్పవచ్చునని సూచించు ధ్వనిని వినిపించును. 2 త్రిప్పగానే డయలు వెనుకకు మరలుచు తీగలోని విద్యుత్తును రెండుసార్లు తెంచును. సెలెక్టరు కడ్డీ రెండు మెట్లు ఎగబ్రాకును. అక్కడినుండి అది తనంతట తానే ప్రక్కకు తిరుగుచు, ఆ వరుసలోని పది దారులలో ఖాళీగా నున్నదానిని వెదకి పట్టుకొనును. ఆ దారి రెండవ సెలెక్టరుకు పోవును. అది 7ను గ్రహించి ఏడు మెట్లు ఎక్కి మరల ఖాళీని వెదకును. తుది సెలెక్టరు 4కు నాలుగు మెట్లు ఎక్కి, 5కు ఐదు మొనలు తిరిగి కోరిన యింటి తీగను తాకును. తీగ ఖాళీగా నున్నచో గంట మ్రోగించును. లేనిచో తీరిక లేదను ధ్వని వినిపించును. సున్నకు మాత్రము పది దెబ్బలు. మన పిల్లలకు ఇది వింతగా తోచవచ్చును. నడుమ ఏ మెట్టుననైనను పది దారులును నిండియున్నచో పిలుపు అక్కడనే ఆగును. ఎన్ని దారులున్నచో ఎందరికి నిరాశ కలుగునో లెక్క కట్టు గణితమును కోపెన్‌హేగన్ నగరమున ఎర్లాంగ్ అను గణితవేత్త 1909 మొదలు 1917 వరకు ప్రకటించిన వ్యాసములలో నిర్మించెను. ఆతని జీవితము వేరొక వ్యాసమునకు తగినది.

ఇందులో ఒక విశేషమును గమనింపుడు. ఏ సెలెక్టరునకును పూర్తి సంఖ్య తెలియదు. ఒక్కొక్కటి తనకు వచ్చిన అంకెను మాత్రమే గ్రహించి, తన పని ముగించి, తరువాతి దానికి అప్పగించును. పిలుచువాడెవడో, పిలువబడువాడు అండర్‌టేకరో వైద్యుడో ఏ స్విచ్చియు ఎరుగదు. ఎరుగనిదానికి పక్షపాతము ఎక్కడిది? స్ట్రోజర్ కోరినది ఇదియే. దీనికి వెల మాత్రము లేకపోలేదు. ఏ యింటివాడు ఏ గంటకు ఎక్కడ నుండునో ఎరిగిన ఆపరేటరు, వైద్యుడు ఇంట లేనిచో మరియొక యింట వెదకి పట్టి కలుపగలిగెడిది. స్విచ్చికి ఆ నేర్పు లేదు.

స్ట్రోజరుకు దక్కిన ఫలము అల్పము. 1896లో తన పేటెంటులను 1,800 డాలర్లకును, 1898లో కంపెనీలోని తన వాటాను 10,000 డాలర్లకును విక్రయించెను. 1916లో ఆ పేటెంటుల హక్కులను బెల్ సంస్థ 25 లక్షల డాలర్లకు తీసికొనెనని చరిత్రకారులు వ్రాయుదురు. ఆరోగ్యము చెడి స్ట్రోజర్ ఫ్లోరిడా రాష్ట్రమునందలి సెయింట్ పీటర్స్‌బర్గు పట్టణమునకు వెళ్లెను. అక్కడ మరల పాత వృత్తినే పట్టెనేమో అని తోచుచున్నది. స్ట్రోజరు నిమిత్తము గుర్తుతెలియని శవమొకటి తరలించినట్లు 1899 డిసెంబరు నాటి దాఖలా ఆ ఊరి అంత్యక్రియల దుకాణపు పుస్తకములలో దొరకినది. రక్తహీనతతో బాధపడుచు, రక్తనాళపు వాపుచే 1902 మే 26వ తేదీన ఆతడు మరణించెను.

ఆతని యంత్రము తరువాతనే లోకసంచారము ప్రారంభించెను. ఇంగ్లండులో తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1912లో ఎప్సమ్ పట్టణమున స్ట్రోజర్ పద్ధతిని వెలసెను. తొలుత ఆపరేటర్లనే నమ్ముకొనిన బెల్ సంస్థ సయితము 1919లో నార్ఫోకు నగరమున ఈ పద్ధతికి తలయొగ్గెను. మన దేశమున తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913–14లో సిమ్లాలో 700 లైనుల శక్తితో నెలకొల్పబడెను. 1948లో బెంగుళూరున స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ లివర్‌పూలు కంపెనీ సహకారముతో స్ట్రోజర్ సామగ్రినే తయారుచేసెను. 1960 నవంబరులో కాన్పూరు, లక్నో నగరముల నడుమ చందాదారులు ఆపరేటరు తోడు లేకయే ఊరు దాటి మాటాడు సౌకర్యము ప్రారంభమయ్యెను. ఢిల్లీ క్వార్టర్లలో నుండి రాజమహేంద్రవరమునకో ఒంగోలునకో మాటాడుటకు సాధారణపు కాలా, అర్జెంటు కాలా, లైట్నింగు కాలా అని డబ్బు లెక్కించుకొనెడి మన కుటుంబములకు అట్టి సౌకర్యము క్రమముగా అందివచ్చినది. ఆ స్విచ్చి గదులలోని నూనెవాసనను, వేలాది కడ్డీలు ఒక్కసారిగా ఎక్కి దిగు టకటకధ్వనిని ఎరిగినవారు ఈ సభలో ఇంకను కలరు. చెవితో వినియే ఏ రాకులో దోషమున్నదో చెప్పగలిగిన మెకానిక్కులుండెడివారు. క్రాస్‌బారు వచ్చినది, ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చినవి, కడ్డీలు మౌనము వహించినవి. బ్రిటనులో చివరి స్ట్రోజర్ ఎక్స్ఛేంజి 1995లో మూతపడెను.

సెయింట్ పీటర్స్‌బర్గునందలి గ్రీన్‌వుడ్ శ్మశానమున స్ట్రోజర్ సమాధిపై సైనికులకు నిలుపు మామూలు తెల్లరాయి యున్నది. దానిపై లెఫ్టినెంటు అను హోదా, పేరు, అశ్వికదళపు సంఖ్య చెక్కియున్నవి. టెలిఫోను ప్రసక్తి లేదు. ఆతడు పోయిన 43 ఏండ్లకు, 1945లో, టెలిఫోను కంపెనీ అధికారులు వచ్చి ఆ సమాధివద్ద ఒక కంచుపలకను అమర్చిరి.